ఎర్ర సున్నాలు చుట్టిన ప్యాచ్

పంజగుట్ట

నవీన గారికి, హనుమత్ప్రసాద్ నమస్కారం.

తెలుగు అక్షరాలను పైకి చదివి వినిపించే మన ‘గొంతు’ సాఫ్ట్‌వేర్‌కి మీరు పంపిన ప్యాచ్, అంటే సవరణ కోడ్, అందింది. జీతాల్లేకుండా, అందరం కలిసి రాసుకునే ప్రోగ్రాం ఇది. వచ్చిన కోడ్ చూసి కలపడం నా పని. కామా దగ్గర ఆగకుండా చదివేసే జబ్బు మీ కోడ్‌తో నయమైంది. కానీ లైన్ల మొదట్లో వదిలిన ఖాళీలు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. రేపు మరొకరు చదవాలి కదా. తప్పులకు ఎర్ర సున్నాలు చుట్టి ఫొటో జతచేశాను. సరిచేసి పంపండి.

ఇట్లు,
హనుమత్ప్రసాద్

తా.క. నొచ్చుకోకండి. అందరితోనూ ఇంతే.

అమీర్‌పేట హాస్టల్

హనుమ ప్రసాద్ సార్‌కు నవీన నమస్తే.

ఫొటో వచ్చింది సార్, థ్యాంక్స్. అందుల ఏమున్నదో జర మాటల్ల చెప్పుండ్రి. ఖాళీలు నాకు తోచినట్టు సర్ది మళ్ల పంపిన.

మీ నవీన

తా.క. మీ ఉత్తరంల కామాలు మస్తున్నయి సార్. తిట్టినా నిమ్మళంగ తిట్టినట్టుంటది.

పంజగుట్ట

నవీన గారికి,

నా పేరు హనుమత్ప్రసాద్. మధ్యలో ‘త్’ మా నాన్నగారు పెట్టింది, తీసేయకండి. ఖాళీలు మళ్ళీ అలాగే ఉన్నాయి, కొత్తగా కొన్ని చేరాయి కూడా. మాటల్లో చెప్పమంటారేంటి? చుట్టి చూపించాక ఇంకేం చెప్పాలి? ఈసారి పెద్ద ఫొటో, బాణాలతో సహా. కాస్త కళ్ళు పెట్టి చూడండి.

హనుమత్ప్రసాద్

తా.క. ఫొటో చూసి మా ఆవిడ కమలకుమారి, "ఎవరికండీ, అమ్మవారు పోసిందా?" అని అడిగింది.

అమీర్‌పేట

సార్‌కు నమస్తే.

ఎంత పెద్ద ఫొటో పంపినా నాకు ఒక్కటే సార్. కోపం చెయ్యకుండ్రి, ఏ లైను తప్పో రాయుండ్రి.

నవీన

తా.క. మీ పేరు నేను విన్నట్టే రాసిన.

పంజగుట్ట

నవీన గారికి,

‘నాకు ఒక్కటే’ అన్నాక ఇక మాటలెందుకు. బయోడేటాలో రాసుకోవడానికి ప్యాచ్‌లు పంపేవాళ్ళు చాలామందే వస్తుంటారు. మీది మూసేస్తున్నాను. సెలవు.

హనుమత్ప్రసాద్

తా.క. ఈసారి తా.క. లేదు.

అమీర్‌పేట

హనుమత్ప్రసాద్ సార్‌కు,

నాకు కండ్లు కనపడవు. మీ ఉత్తరాలు ‘గొంతు’తోనే వింటున్న. ఫొటో వస్తే అది ‘బొమ్మ’ అంటది, ఊకుంటది. పెద్ద ఫొటోకు సుత అంతే. లైను మొదట్ల ఎన్ని ఖాళీలున్నయో చెప్పది.

ముందుగాల్నే చెప్పకపోతిని. నేను కోడింగ్ నేర్చుకునే ఇన్‌స్టిట్యూట్ల అందరికీ తెలుసు. నేనేం రాసినా శభాష్ అంటరు, భుజం తడ్తరు. తప్పున్నదని మీరొక్కరే అన్నరు. చెప్తే మీరు సుత తప్పులు చూపుడు బంద్ చేస్తరని భయమైంది.

నవీన

తా.క. ‘త్’ మింగింది నేను కాదు సార్, మీ ‘గొంతు’. మూడక్షరాలు ఒక్కకాడ కలిస్తే దానికి మింగుడు అలవాటు.

పంజగుట్ట

నవీన గారూ,

మానిటర్ ఆపేసి, మన ఉత్తరాలన్నీ వరసగా ‘గొంతు’తో విన్నాను. ఇన్నేళ్ళు దీన్ని పెంచినవాణ్ణి, ఒక్కరోజూ అలా కూర్చుని వినలేదు. ‘కళ్ళు పెట్టి చూడండి’ దగ్గర కమలకుమారి నావైపు చూసి లేచి వెళ్ళిపోయింది. క్షమించండి.

మీ ప్యాచ్ మళ్ళీ తెరిచాను. ‘ఆగు’ అన్న లైను ముందు రెండు ఖాళీలు ఎక్కువ, దాని కింది లైనుకి ఒకటి తక్కువ. మిగతావన్నీ కింద మాటల్లో రాశాను. సరిచేసేదాకా కలపను.

దీంతో జతచేసింది నేను రాసిన ప్యాచ్. లైను మొదట ఎన్ని ఖాళీలున్నాయో ‘గొంతు’ ఇక పైకి చెబుతుంది. అది పనిచేస్తోందో లేదో నాకు తెలియదు, మీకే తెలియాలి. విని, తప్పులు రాయండి.

మీ తీర్పు కోసం చూస్తూ,
హనుమత్ప్రసాద్

తా.క. శభాష్ అని రాస్తే మాత్రం ఒప్పుకోను.