అమ్మ అడిగిన ఆరు అంకెలు

బాపూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఈ రోత ఇంకెవరితోనూ చెప్పుకోలేను.

నీ చేను తన పేరుకు మార్పించుకోవడానికి అమ్మ ఇవాళ ఎల్లారెడ్డిలో ఒక కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళింది. ఓటీపీ ఇక్కడ కామారెడ్డిలో ఉన్న నా ఫోన్‌కు వచ్చింది. నేను ఫోన్ చేసి ఆరు అంకెలూ ఇంగ్లీషులో గడగడా చదివాను. కౌంటర్ వాడు ఆమె ఫోన్ ముట్టనన్నాడట. ఆమే విని అప్పజెప్పాలి. చివరి అంకె వినేసరికి ఆమెకు మొదటివి పోయేవి.

"ఆరంకెలు గూడ యాదుండయా అవ్వా?" అని వాడు నవ్వడం వినిపించింది. నాకు ఒళ్ళు మండింది. అయినా నేనూ అదే మాట అన్నాను, వాడికంటే గట్టిగా.

"తెలుగుల చెప్పు బిడ్డా. మీ బాపు రెండు రెండు కలిపి చెప్పేటోడు," అంది అమ్మ.

నువ్వు అలా చెబితే ఆమె మోటారు మెకానిక్ నంబరు చేను నుంచి ఇంటిదాకా కాగితం లేకుండా తలలోనే మోసుకొచ్చేది.

మెసేజ్ చూసి ఫోన్ చెవికి పెట్టుకున్నాను. ఎనిమిది, ఏడు కలిపితే ఎనభై ఏడని తట్టేలోపు మిగతా నాలుగూ నా బుర్రలోంచి జారిపోయాయి. మళ్ళీ చూశాను. మళ్ళీ పోయాయి. ఈ నోటితోనేనా ఆమెను కసిరింది? ఛీ.

అటువైపు అమ్మ వాడికి నచ్చజెబుతోంది.

"జర ఆగు సారూ. మావోడు పొద్దుగాల ఏం తినలేదేమో."