అత్తాకోడళ్ళ గుండు దగ్గరికి వెళ్ళే ముందు

కీర్తిశేషులు ఎల్లేశం గారి భార్య, ఖాజాగూడ పాత ఊళ్ళో కాపురముంటున్న, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైన భాగ్యమ్మ అనే నేను, అరవై రెండేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో షుగరు ఉంది, మోకాళ్ళ నొప్పి ఉంది, నోటి దురుసు పుట్టుకతోనే ఉంది. మతి మాత్రం చలించలేదు. చలించిందని నా మేనల్లుడు తేజ ఊళ్ళో చెబుతున్నాడు కాబట్టి ఈ మాట ముందే రాయాల్సి వచ్చింది.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో కూడా ముందే చెబుతాను. చివరిదాకా చదివే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. మా నాన్న గుట్టలో నా భాగానికి వచ్చిన ముక్కలో ఒక పెద్ద బండ గుండు మీద ఇంకో గుండు నిలబడి ఉంటుంది. ఊరంతా వాటిని అత్తాకోడళ్ళు అంటారు. పైనెక్కి కూర్చున్నది అత్త, కింద మోసేది కోడలు. ఆ రెండింటి కింద వాలులో నా రేకుల గదులున్నాయి. వాటిలో ఉండేవాళ్ళు రాత్రంతా ఐటీ ఆఫీసుల్లో కాపలా కాసి, నేలలు తుడిచి, పొద్దున వచ్చి పగలంతా పడుకుంటారు. పక్కనే మా అన్న భాగం. అన్న పోయాక దాన్ని తేజ అపార్ట్‌మెంట్లకు ఇచ్చాడు. అక్కడ మందు పెట్టి బండలు పేలుస్తున్నారు. పేల్చినప్పుడల్లా అత్త కొంచెం కొంచెంగా జరుగుతోంది. జరిగేది ఆ గదుల వైపే.

రేపటి నుంచి నేను పగలంతా అక్కడే కూర్చుంటాను. సాయంత్రం తిరిగి వస్తే ఈ కాగితం బియ్యం డబ్బాలోకి పోతుంది. రాకపోతే చదవండి.

1. పాత ఊళ్ళో నా జీతంతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం నా ఏకైక కూతురు రోహిణికి సర్వహక్కులతో చెందుతుంది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. రోహిణి రాయదుర్గంలో అద్దాల మేడలో పనిచేస్తుంది. తన కిటికీలోంచి మన గుట్ట కనపడుతోందని ఒకసారి ఫొటో పంపింది. అందులో అత్తాకోడళ్ళిద్దరూ కలిసి మినపగింజంత ఉన్నారు. అంత దూరం నుంచి చూస్తే అన్నీ నిలకడగానే ఉంటాయమ్మా. వంటింట్లో కుళాయి కారుతోంది, ఎవరికైనా కిరాయికి ఇచ్చే ముందు బాగు చేయించు.

2. గుట్టలో నా భాగం, రేకుల గదులతో సహా, రోహిణికే. కానీ షరతు ఉంది. గదుల్లో ఉన్నవాళ్ళు తమంతట తాము వెళ్ళేదాకా వాళ్ళను లేపకూడదు, ఆ ముక్కను తేజకు గానీ, తేజ తరఫున వచ్చిన వాళ్ళకు గానీ అమ్మకూడదు. గదులు ఖాళీ చేయిస్తే పోతుంది కదా అని నువ్వే అడిగావు రోహిణీ. ఆ మాటే నేను పోచమ్మను అడిగాను. పోచమ్మ నారాయణపేట నుంచి వచ్చింది, రాత్రిపూట ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది, మొదటి గదిలో ఉంటుంది. ఆమె నా మొహంలోకి చూసి అన్న మాట ఇది: "యాడికి పోవాలె టీచరమ్మా? గీ కిరాయికి గింత దగ్గర ఇంకేడ ఇస్తరు?" ఆ ప్రశ్నకు నీ దగ్గర జవాబు ఉంటే షరతు కొట్టేసెయ్.

3. ఇక చరాస్తి. అందరూ బంగారం గురించి వెతుకుతారు గానీ, ఉన్న రెండు గాజులూ రోహిణి చేతికే ఉన్నాయి. నేను రాయాల్సింది నా బొమ్మల సంచి గురించి.

రిటైరైన కొత్తలో, ఆదివారాలు బయట కూర్చుని బొమ్మలు వేసే గుంపులో చేరాను. ఆరంభశూరత్వం కదా, కోఠికి వెళ్ళి చెక్క స్టాండు, పలకంత రంగుల పెట్టె, కట్టెడు కుంచెలు, నీళ్ళకు గాజు సీసా కొన్నాను. మొదటి రోజే సీసా పగిలింది, స్టాండు గాలికి బోర్లా పడింది, పెట్టె గుట్ట మీంచి జారి తుమ్మల్లో తేలింది. ఆ రోజు తెలిసింది. గుట్ట ఎక్కేవాళ్ళకు ఒక చెయ్యి రాయి పట్టుకోవడానికి కావాలి. రెండో చెయ్యి మోయగలిగినంతే సామాను. అలా ఏరి ఏరి మిగుల్చుకున్నవి ఇవి:

(అ) జర్దా డబ్బా. ఎల్లేశంది. ఆయన్ని తీసుకుపోయింది ఆ జర్దాయే. డబ్బాను విసిరికొట్టడానికి చెయ్యెత్తి, పారేయలేక కడిగి దాచాను. తర్వాత అందులో రంగు బిళ్ళలు అతికించాను. పసుపు, నీలం, కావిరంగు, ఎరుపు. నలుపు పెట్టలేదు, నీలం కావి కలిపితే గుట్టకు సరిపోయే నలుపు వస్తుంది. మూతే పళ్ళెం. ఎండకు వేడెక్కినప్పుడు ఇప్పటికీ అందులోంచి జర్దా వాసన వస్తుంది. ఇది రోహిణికి. బొమ్మలు వేయకపోయినా ఫరవాలేదు, మూత తీసి వాసన చూడు, మీ నాన్న పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

(ఆ) పిడిలో నీళ్ళు పట్టే కుంచె. నొక్కితే మొనకు నీళ్ళొస్తాయి, సీసా గొడవ లేదు. (ఇ) పొట్టి పెన్సిలు, దానికి పాత పెన్ను మూత. లేకపోతే సంచిలో మొన విరుగుతుంది. (ఈ) అరచేతంత పుస్తకం, అట్ట గట్టిది, ఒళ్ళో పెట్టుకుంటే బల్ల అక్కర్లేదు. కాగితం ఎగరకుండా బట్టలారేసే క్లిప్పులు రెండు. ఇవన్నీ నేను చదువు చెప్పిన బడికి ఇవ్వండి. బీరువాలో పెట్టి తాళం వేయకూడదు.

(ఉ) కుంచె తుడవడానికి మణికట్టుకు కట్టుకునే పాత చీర పీలిక. దాన్ని నాతోనే పంపండి.

(ఊ) మడత స్టూలు. ఇది పోచమ్మకు. ఆమె కూర్చోగా నేను ఇంతవరకు చూడలేదు.

4. ఈ సామానుతోనే నాకు సంగతి తెలిసింది గనుక అది కూడా రాస్తున్నాను. కిందటేడు ఒక ఆదివారం అత్త నీడలో కూర్చుని బొమ్మ వేస్తుంటే తడి రంగు మీద సన్నటి రాతిపొడి పడింది. గాలి అనుకున్నాను. ఆకు కదలడం లేదు. ఇంకో వారం పెన్సిలు చేజారి రెండు గుండ్ల మధ్యకు దొర్లి అక్కడ ఇరుక్కుంది. చిన్నప్పుడు మేం ఆ సందులో తంగేడు ఆకు కూడా దూర్చలేకపోయేవాళ్ళం. బతుకమ్మ పండగ నాటికి నీళ్ళ కుంచె లావు పిడి దూరింది. నాకు జ్వరం వచ్చి ఇంట్లో ఉన్నప్పుడు రెండుసార్లు పేల్చారు. లేచి వెళ్ళి చూస్తే ఈసారి జర్దా డబ్బా కూడా ఆ సందులో పట్టింది. చెవి ఆనిస్తే లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు. నేను ఆ గుట్ట మీద పుట్టి పెరిగినదాన్ని. మొదటిసారి దానికి భయపడ్డాను.

తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టాను. ఇద్దరు వచ్చారు, జీపు దిగకుండా చూశారు. ఈ బండలు యుగాల నుంచి ఉన్నాయి కదమ్మా అని నాకే పాఠం చెప్పి వెళ్ళారు. తేజ అయితే నవ్వాడు. అత్తమ్మా, దానికి జరిగే బుద్ధే ఉంటే ఇన్నాళ్ళు ఆగేదా అన్నాడు. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. ఇక్కడ అత్త పడితే కోడలు ఉంటుంది, కింద పడుకున్నవాళ్ళే ఉండరు.

5. ఆదివారం గుంపులో నా స్నేహితుడు శివశంకర్‌కు ఏమీ రాయడం లేదు. అతను ఈ వీలునామాకు సాక్షి, సాక్షులకు ఆస్తి రాయడం మంచిది కాదని తెలిసినవాళ్ళు చెప్పారు. సలహా మాత్రం ఇవ్వొచ్చు కదా. నాయనా, నువ్వు సాఫ్ట్‌వేరు జీతంతో చక్రాల పెట్టె, అందులో డెబ్బై రంగులు, రంగులు ఆరబెట్టే బుల్లి ఫ్యాను కొన్నావు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆ పెట్టెను గుట్ట పైకి లాగుతావు. పైకి వచ్చేసరికి వెలుతురు పోతుంది. మూడుసార్లు ఒక పెన్సిలు, ఒక పుస్తకంతో మాత్రమే వెళ్ళు. అక్కడ కూర్చుని అయ్యో ఇది లేదే అని ఏడ్చినదాన్ని మాత్రమే కొను. నిన్ను నేను కొడుకుగా అనుకున్నాను, అది చెప్పడం ఇదే మొదటిసారి.

6. మేనల్లుడు తేజకు నా రబ్బరు. ఉన్నదాన్ని లేకుండా చేయడంలో అతని చెయ్యి తిరిగింది. వాళ్ళ బ్రోచర్‌లో బొమ్మ చూశాను. అత్తాకోడళ్ళు ఉన్న చోట నీలాకాశం, పక్కన ఈతకొలను. తేజా, నీకు ఏడేళ్ళప్పుడు నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టి ఆ గుండు బొమ్మ వేయించాను. ఆ బొమ్మ నా బీరువాలో పై అరలో ఉంది, తీసుకో. నీ మీద కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడు నిన్ను చూస్తే భయమేస్తుంది, నీ కోసం కూడా.

7. రేపటి సంగతి. పేల్చే ముందు విజిల్, అదే సీటీ, కొట్టి, ఎర్రజెండా పట్టుకుని, చుట్టుపక్కల వాళ్ళను దూరం పంపాలి. మనిషి కనపడితే మందు అంటించకూడదు. సీటీ కొట్టి జెండా పట్టేది అక్కడి వాచ్‌మన్ ఓదెలు, పెద్దపల్లి వైపు మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆ జ్వరం తగ్గినప్పటి నుంచీ సీటీ వినపడగానే నేను సంచి భుజాన వేసుకుని వెళ్ళి గుండు పక్కన స్టూలు వేసేదాన్ని. గదుల్లో నిద్రపోతున్నవాళ్ళు కూడా ఆ సీటీకే లేచి బయటికి వచ్చేవాళ్ళు. నేను కదిలేదాన్ని కాదు, పేల్చేవాళ్ళు కాసేపు తిట్టి జెండా దించుకునేవాళ్ళు.

నిన్న సాయంత్రం ఓదెలు మా గేటు దగ్గరికి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు ఇస్తే తాగకుండా గోడ మీద పెట్టాడు. గొంతు తగ్గించి అన్నాడు: "టీచరమ్మా, సోమారం సంది సీటీ కొట్టొద్దన్నరు. సీటీ ఇనే గదా నువ్వొచ్చి కూసుంటున్నవ్. నువ్వొచ్చే లోపల్నే పేలుస్తరట. జర ఇంట్లనే ఉండు తల్లీ."

నేను ఇంట్లోనే ఉండగలను. నిద్రపోతున్నవాళ్ళను లేపేది ఎవరు? అందుకే రేపు తెల్లవారుతూనే వెళ్తాను. గదుల వైపు కాదు, కోడలి భుజం మీద, మందు అంటించే మనిషికి ఎదురుగా కూర్చుంటాను. ఎర్ర చీర కట్టుకుంటాను. పగలంతా ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు కాబట్టి సంచి తీసుకుపోతాను. ధైర్యం చేసి వెళ్తున్నానని ఎవరూ పొగడకండి, ఇంకో దారి ఉంటే వెళ్ళేదాన్ని కాదు.

8. నాకేమైనా అయితే, ముసలిదానికి చూపు ఆనక వచ్చి కూర్చుందనీ, అనుకోని ప్రమాదమనీ పోలీసు కాగితాల్లో రాస్తారు. రోహిణి ఒప్పుకోకూడదు. సందు పెరుగుతోందని తేజకు తెలుసు, ఆఫీసుకు తెలుసు, నాకు తెలుసు. నేను అక్కడుంటానని నిన్న రాత్రే తేజకు ఫోను చేసి చెప్పాను. విని పెట్టేశాడు. తెలిసి కూర్చున్నదాన్ని తెలిసి పేల్చారని రాయించు. నా కోసం కాదు, ఆ తర్వాత ఇంకో గుండు కింద ఉండేవాళ్ళ కోసం.

9. రెండో సాక్షిగా ఉండమని ఓదెలును అడిగాను. సంతకం పెడితే అతనికి రేపటి నుంచి పని ఉండదు, పిల్లల ఫీజులున్నాయి. కాగితమంతా చదివి వినిపించాను. ఇప్పుడు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. పెట్టకపోతే నేనేమీ అనుకోను, ఇంకెవరినైనా పిలుస్తాను. ప్రస్తుతానికి కింద అతని పేరు కోసం చోటు వదిలాను.

పైన రాసినదంతా నా ఇష్టప్రకారం రాసుకుని, మళ్ళీ ఒకసారి చదువుకుని, సంతకం చేస్తున్నాను.

ఖాజాగూడ
16 నవంబరు 2025, ఆదివారం

(సంతకం) భాగ్యమ్మ

సాక్షులు:

1. శివశంకర్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, రాయదుర్గం. మేడమ్ నా ఎదుట సంతకం చేశారు. వెళ్ళవద్దని చెప్పాను, వినలేదు. రేపు నేను సెలవు పెట్టాను.

2. ఓదెలు, వాచ్‌మన్. టీచరమ్మ నా ముంగట సంతకం వెట్టింది, నేను సూసిన. రేపు పొద్దుగాల సీటీ నేను కొడ్త.