సున్నా చూపించిన నీళ్లు

జూన్ 4

ఇది ఇప్పుడే రాయాలి. రేపటికల్లా నాకు అనుకూలంగా ఒక సాకు తయారైపోతుంది. నా సంగతి నాకు తెలుసు.

డాక్టరమ్మగారి ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు తెల్లబడుతున్నాయి. ఆవిడ ఊళ్లో లేరు. అమ్మ ఆ ఇంట్లో పనిచేస్తుంది, చేపలకు మేత వేస్తుంది. నీళ్లు టెస్ట్ చేసే పని నాది. మా పిల్ల కెమిస్ట్రీ చదివిందమ్మా అని అమ్మే ఆ పని ఇప్పించింది. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనొక్కదాన్నే.

జూన్ 5

ఫాస్ఫేట్ పెరిగితే అద్దాలకు నాచు పడుతుంది. పోయిన వారం టెస్ట్ ట్యూబులో ఫాస్ఫేట్ చూపించే నీలం బాగా ముదిరింది. తప్పు అమ్మదే అన్నాను. గడ్డకట్టిన రొయ్యల మేత కరిగాక, ఆ నీళ్లతో సహా తొట్టిలో పోసేది. ఆ నీళ్లలో ఫాస్ఫేట్ ఉంటుంది, నిజమే. కానీ చెప్పే తీరొకటి ఉంటుంది. తోటమాలి ముందే, ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదా, చదువురానిదానివి అన్నాను. అమ్మ నవ్వేసి, వాటికి కూడా ఒట్టి ముద్ద గొంతు దిగదేమోలే అంది. మర్నాటి నుంచి జల్లెడలో కడిగి వేసింది.

నాకది చాల్లేదు. ఫాస్ఫేట్ పీల్చే గుళికలు ఫిల్టర్లో రెండింతలు వేశాను. ట్యూబులో అసలు రంగే రాలేదు. సున్నా. ఫోటో తీసుకుని మురిసిపోయాను.

జూన్ 6

గూగుల్ చేశాను. ముందే చేయాల్సింది.

పగడాలకు ఫాస్ఫేట్ కొంచెం ఉండాలి. ఒక్కసారిగా లాగేస్తే రంగు పోయి చచ్చిపోతాయి. నేను వాటిని పస్తులుంచాను. మెల్లగా తగ్గించు, మొత్తం పోకూడదు అని డాక్టరమ్మగారు వెళ్లేముందు చెప్పారు కూడా. తల ఊపాను. వినలేదు. తెలిసిన సబ్జెక్టే కదా అనుకున్నాను.

గుళికలు తీసేశాను.

జూన్ 8

డాక్టరమ్మగారు వీడియో కాల్ చేసి తొట్టి చూపించమన్నారు. ఏమైందని అడిగారు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మా పిల్ల చెప్తూనే ఉందమ్మా. నేనే వినకుండా మేత ఎక్కువేశాను."

ఆవిడ కోప్పడలేదు. అదింకా ఘోరం. పంతొమ్మిదో తేదీ నుంచి పనికి వేరే మనిషి వస్తుందని, ముందురోజే తాళాలు పక్కింట్లో ఇచ్చేయమని చెప్పారు.

దారిలో అమ్మని నిలదీశాను. హాస్పిటల్ ల్యాబ్‌లో నీ ఉద్యోగానికి మాట చెప్పాల్సింది ఆవిడే కదే అంది. నాదేముంది, ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు, చీపురు ఎక్కడైనా చీపురే అంది.

నిజానికి, కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

జూన్ 11

ఇంకా చెప్పలేదు.

జూన్ 14

డాక్టరమ్మ గారాబంగా పెంచుకున్నవాటిని మేపి మేపి చంపావట కదా అని పక్కింటి పనావిడ దెప్పింది. అమ్మ నవ్వి, చదువురానిదాన్ని, నాకేం తెలుసు అంది.

ఆ మాట నేను నేర్పిందే.

జూన్ 15

పంపేశాను.

"డాక్టరమ్మగారూ, పగడాలు పోయింది నా వల్ల. ఫాస్ఫేట్ సున్నా చేసింది నేను. అమ్మ మేత కడిగే వేసింది, కొలతగానే వేసింది. నా ఉద్యోగం సంగతి మీ ఇష్టం. అమ్మ పని గురించి మాత్రం పద్దెనిమిదో తేదీలోపు దయచేసి జవాబు చెప్పండి. నాకు కాదు, అమ్మకు. తనకు చదవడం రాదు. ఫోన్ చేయండి."