వంటగది గోడకు గాజు పట్టీ

కొత్త రాజధాని, మేస్త్రీల షెడ్డు
మార్చి 12, బుధవారం

చెల్లెమ్మకు, బావకు, పిల్లలిద్దరికీ ప్రభువు రెక్కల నీడ తోడుండాలని మొక్కుతూ అన్నయ్య రాస్తున్నది.

నేను క్షేమం. ఇక్కడ శాసనసభకు సున్నం కొట్టడం అయిపోయింది.

రాజధాని ఎందుకు మారుస్తున్నారని ప్రార్థన కూటంలో నువ్వడిగావు. పాపం పండిన ఊరు వదిలి పాలకులు పారిపోతున్నారు, విశ్వాసులు కదలనక్కర్లేదని గ్రంథం పైకెత్తి గర్జించాను. అందరూ ఆమెన్ అన్నారు. బావ మాత్రం, పాపాలన్నీ వాళ్లే లారీల్లో మోసుకుపోతున్నారుగా, ఇక మనకేం భయమని నవ్వాడు.

ఈ దేశపు మొదటి రాజధానిని నది వదిలి పక్కకు జరిగింది. నీళ్లు లేక జనం లేచిపోయారు. రెండోదాన్ని శత్రువులు తగలబెట్టారు. మూడోది మన ఊరు. నది ఉంది, నిప్పు లేదు. దేశానికి నడిమధ్య ఉండాలనే మారుస్తున్నామని పేపర్లో రాశారు.

ఇవాళ ఇంజనీరు టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. నలభై ఏళ్లుగా మన ఊరి నేల అడుగు నీళ్లన్నీ తోడేశారట, నేల కుంగుతోందట. ముందు ఫైళ్లు, తర్వాత కుర్చీలు, మనుషుల సంగతి వచ్చే ఏడాది చూస్తారట. మా వీధి మాటేమిటని అడిగాను. మీదే అన్నిటికంటే ముందన్నాడు. ఖాళీ చేయించడానికా అన్నాను. కాదు మేస్త్రీ, కుంగడానికి అన్నాడు.

ఇసుక మీద కట్టిన ఇంటి గురించి ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నానే! నా కాళ్ల కింద ఏముందో చూసుకోలేదు.

నువ్వేమంటావో తెలుసు. మీ వంటగది బీట మీద నేను అతికించిన గాజు పట్టీని చూపిస్తావు. బీట పెరిగితే గాజు పగులుతుందని చెప్పింది నేనే. పాత శాసనసభ పునాదుల్లో పదహారేళ్లు చేసిన పని అదే. ఆ గాజు పగిలిన రోజు మూట కట్టుకుంటా, అందాకా కదలను అన్నయ్యా అన్నావు. రోజూ పొద్దున దాన్ని చూసి స్తోత్రం చెబుతావు.

చెల్లీ, దాన్ని చూడకు. ప్రారంభోత్సవం అయ్యేదాకా మమ్మల్ని గేటు దాటనివ్వరు, లేకుంటే నేనే వచ్చేవాణ్ణి. ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు నమ్మకస్తుడు. అదే లారీ ఎక్కి వచ్చేయండి. బీరువా వద్దు, గిన్నెలు వద్దు.

మీ కోసం మోకాళ్ల మీదున్న
అన్నయ్య

తా.క. పైన రాయడానికి చెయ్యి రాలేదు. ఆ గాజు మూడుసార్లు పగిలింది. ప్రతిసారీ నువ్వు నీళ్లకు వెళ్లినప్పుడు బీటలో సిమెంటు కూరి, సున్నం పూసి, కొత్త పట్టీ అతికించాను. నువ్వు కదిలితే కూటమంతా కదులుతుందని, నా బోధ బూటకమవుతుందని భయపడ్డాను. మొదటి పట్టీ నాలుగు వేళ్ల పొడవు. బీట వెడల్పై, ఇప్పుడున్నదాన్ని ఆరు వేళ్లకు కోయాల్సి వచ్చింది. కొలిచి చూడు. వద్దు, కొలవకు. లారీ ఎక్కు.