అమ్మ వేలితో రాసిన మాట

కర్నూలు ఆసుపత్రి, ఆదివారం

నాయనా, దిగులు పడొద్దు, అమ్మ నిన్నటికంటే తేటగా ఉంది. ఫోనులో చెబితే నీ చెవికి అందదని ఈ కార్డు రాస్తున్నాను.

మాట ఇంకా రాలేదు, కుడి చెయ్యి లేవడం లేదు. ఏదో చెప్పాలని రోజూ పెనుగులాడుతుంటే నా ఫోను ఎడమచేతికి ఇచ్చాను. తేలిక కాబట్టి పట్టుకోగలిగింది. కానీ అందులో అక్షరాల గళ్లు నా బొటనవేలికే ఇరుకు, అమ్మ వేలికి ఏం చాలతాయి? ఒకటి నొక్కితే రెండు పడ్డాయి. విసుక్కుని మొహం తిప్పేసుకుంది.

పక్క మంచం వాళ్ల మధులత అది చూసి తన ఫోను తెచ్చింది. పలకంత ఉంది, బాగా బరువు. "చేతికియ్యొద్దక్కా, దిండుకు ఆనిచ్చి పెట్టు. దీంట్లో అచ్చరాలు ఎతుక్కునే పని లేదు, ఏలితో రాస్తే సాలు" అంది. అమ్మ ఎడమచేతి వేలితో వంకరటింకరగా గీసింది. నాయనా, ఆ గీతలు మా కళ్ల ముందే గుండ్రటి అచ్చు అక్షరాలైపోయాయి! అమ్మయితే వేలు పైకెత్తి, ఇది నాదేనా అన్నట్టు చూసుకుంది.

తమ్ముడు వీరేంద్ర వచ్చేటప్పుడు అమ్మ కళ్లజోడు, నా పాత చీరలు పంపు. మేకకు కుడితి పెడుతున్నావా?

అమ్మ ఏం రాసిందో చెప్పనేలేదు. ఇన్నాళ్లకు ఆమె నుంచి వచ్చిన మొదటి మాట ఇది: "మగ్గం మీద పడుగు దారాలకు గుడ్డ కప్పినాడా మీ నాయన? ఎలుకలు శానా ఉండాయి."

కప్పకపోయుంటే ముందు పోయి కప్పు. ఆ తర్వాతే జవాబు రాయి.

మా ఇద్దరి దండాలు.
పద్మశ్రీ