మూడు అణువుల పాఠం

ఉదయగిరి, మంగళవారం రాత్రి

ఆత్మకూరు నుంచి బస్సులో నిలబడే వచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి, గొంతు పోయింది. కెమిస్ట్రీ క్లాసులో మాలిక్యులారిటీ, అంటే ఒక దశలో ఎన్ని అణువులు ఢీకొంటాయన్న లెక్క, మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. సమీకరణంలో ఎడమవైపు మూడు అణువులు కనబడగానే క్లాసంతా కూడేసి "మూడు" అంటారు. అలా కూడకూడదు, ఒక్కో దశలో ఎన్ని ఢీకొంటాయో చూడండి అన్నాను. మూడూ ఒకేసారి ఢీకొనడం చాలా అరుదు. ఈ చర్యలో ముందు రెండు కలుస్తాయి, వాటిలోంచి పుట్టినది పోయి మూడోదాన్ని కలుస్తుంది.

వెనక బెంచీలోంచి సువార్త, ఆ సీతారామపురం పిల్ల, అంది: "మా ఇంట్లోనూ అంతే మేడం. నాయన నాతో చెప్తాడు, నేను పోయి అమ్మకి చెప్తా. ముగ్గురం ఒకచోట కూర్చొని ఎన్నాళ్లయిందో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి, బోర్డు వైపు తిరిగి తర్వాతి వాక్యం రాశాను: మధ్యలో పుట్టిన పదార్థం మధ్యలోనే ఖర్చయిపోతుంది, మొత్తం సమీకరణంలో దాని పేరుండదు.

ఇటు తిరిగేసరికి అందరూ రాసుకుంటున్నారు, సువార్త తప్ప.

"రాసుకోవేంది?" అన్నాను.

"అర్థమైనాది మేడం," అంది, బోర్డు మీంచి చూపు తిప్పకుండా.

రేపు విడిగా పిలవాలి. పిలిచి ఏమడగాలో బస్సు దిగేదాకా తోచలేదు. ఇప్పటికీ...