నవ్విస్తే ఫోన్ పెట్టేసే చెల్లి

చెల్లీ,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఎప్పుడైనా ఎత్తినా, నేను ఇలా మాట మొదలుపెట్టానో లేదో "ఉండక్కా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తావు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు.

మొన్న నా కుట్టుదుకాణం కొత్త గదిలోకి మార్చినప్పుడు వచ్చావు. వచ్చి గుమ్మం పక్క కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నావు. మీ బావ ఎవరి ప్యాంటుకో జిప్పు వెనకవైపు కుట్టేసిన సంగతి నేను చెప్తుంటే గదంతా పడీపడీ నవ్వింది. నువ్వు మాత్రం కాలుమీద కాలేసుకుని, పళ్ళు బిగించి, సగంలో లేచి వెళ్ళిపోయావు. నా దుకాణం చూస్తే నీకంత కష్టంగా ఉందా?

పైగా నీకు తీరికే లేదంటావు. మీ ఆయన అక్కగారితో, అదే మీ వదినతో, పార్కులో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తున్నావట. నా దగ్గర గుండీలు కుట్టే అమ్మాయి మీ ఊరొచ్చినప్పుడు కళ్ళారా చూసి చెప్పింది. చిన్నప్పుడు నీకు జడలు వేసింది నేను. ఆవిడ కాదు.

ఇట్లు,
నీ సొంత అక్క

తా.క. "సొంత" కింద గీత గీశాను. చూసుకో.

*

అక్కకి నమస్కారం.

నీ దుకాణం చూసి కుళ్ళుకునేదాన్ని కాదు నేను. బడిలో చిన్నపిల్లల తరగతి ఇచ్చారు, ఊపిరి సలపడం లేదు. మా వదిన ఒక విషయంలో సాయం చేస్తోంది, అంతే. ఏ విషయమని అడగకు. నీకొచ్చే ఉత్తరాలు బావ ముందు చదివి తర్వాత నీకిస్తాడని నాకు తెలుసు.

వారం వారం ఇద్దరం ఒకచోటికి వెళ్తున్నాం. అక్కడొకావిడ వ్యాయామం చేయిస్తుంది. గట్టిగా బిగించి పట్టుకోవడం, మెల్లిగా వదలడం. చెప్పినంత తేలిక కాదు.

ఉంటాను,
నీ చెల్లి

తా.క. నాకు కుడుతున్న ప్యాంట్లు ముదురు రంగులోనే కుట్టు. లేత రంగులు వద్దంటే వద్దు.

*

చెల్లెమ్మ గారికి,

అర్థమైంది. పట్టుకోవడం ఆవిడని, వదలడం నన్ను. దానికి వ్యాయామం ఎందుకు, నీకు పుట్టుకతోనే వచ్చు.

ముదురు రంగులు ఎందుకో కూడా తెలిసింది. సన్నగా కనబడాలి, మీ వదినలా. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దం ముందు నిలబడి ఉద్యోగం చేసే మనిషి కదా, నీకూ ఆ సోకులే అంటుకున్నాయి. రేపు ఆవిడ తుమ్మినా నీకు సంగీతంలా వినపడుతుంది.

ప్యాంట్లు పంపుతున్నాను.

ఇట్లు,
కుట్టుకూలి మనిషి

తా.క. ఒకటి లేత పసుపుది. కావాలనే కుట్టాను.

*

అక్కా,

బావ ఊరెళ్ళాడని తెలిసి రాస్తున్నాను. చదివి చింపెయ్.

రెండో కాన్పు దగ్గర్నుంచీ తుమ్మితే రెండు చుక్కలు పడేవి. పట్టించుకోలేదు. ఈ ఏడు బడిలో పుస్తకాల పెట్టెలు ఎత్తీ ఎత్తీ, కింద ఏదో జారుతున్నట్టు, బంతి మీద కూర్చున్నట్టు ఉండేది. దగ్గితే, నవ్వితే బట్టలు తడిసిపోయేవి. ఒకరోజు బస్సులో తుమ్మాను. పక్కన మా వదిన ఉంది. సీటు తడవడం చూసి, తన స్వెటర్ తీసి నా నడుముకి కట్టి, "నాకూ ఉండేది" అంది. ఇంకేమీ అడగలేదు.

తనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మూత్రసంచి కిందికి జారిందట, దాన్ని పట్టి ఉంచే కండరాలు సడలాయట. ఆవిడ "ఒకసారి దగ్గమ్మా" అంది. దగ్గాను. ఆవిడ చెప్పులు తడిశాయి. ఇందుకే దగ్గమన్నానంటూ చెప్పులు మార్చుకుంది. సంచి జారకుండా లోపల మెత్తటి ఉంగరంలాంటిది పెట్టింది. వ్యాయామం చెప్పింది. వీటితో కుదరకపోతే ఆపరేషన్ గురించి చూద్దామంది.

నీకెందుకు చెప్పలేదంటావు. నువ్వు నోరు విప్పితే నాకు నవ్వొస్తుందక్కా. ఫోన్ పెట్టేసేది అందుకే. మా వదిన ఒక్క జోకూ వెయ్యదు. ఆ ఒక్క మంచిగుణం వల్లే బతికిపోతున్నాను.

నీ చెల్లి

తా.క. ఆ పసుపు ప్యాంటు వేసుకుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఇప్పుడది తీగ మీద ఆరుతోంది.

*

నా బంగారు చెల్లికి,

నీ ఉత్తరం చదివాక మిషన్ తొక్కబుద్ధి కాలేదు. జాలితో కాదు, ఒళ్ళుమండి. ఎందుకంటే నాకూ ఉంది. నీకంటే ముందునుంచీ. పిల్లల్ని కన్నవాళ్ళందరికీ ఇంతేలే అనుకుని, కుర్చీలో గుడ్డముక్కలు మడతేసుకుని కూర్చునేదాన్ని. కుట్టుదుకాణంలో గుడ్డముక్కలకి కరువేముంది. ఇన్నాళ్ళూ మీ ఇంటికి రానిది నీకు చెప్తూ వచ్చిన మోకాళ్ళ నొప్పి వల్ల కాదు, అంతసేపు బస్సులో కూర్చోలేక. దీనికి మందుందని, నా చెల్లికి తెలిసి నాకు తెలియలేదని కోపం వచ్చింది. వెంటనే మీ వదినకి ఫోన్ చేశాను, తిడదామని.

చెల్లీ, ఈ ఉత్తరం మా ఊరినుంచి కాదు, మీ వెనక వీధి నుంచి రాస్తున్నాను. వారం నుంచీ మీ వదిన ఇంట్లోనే ఉన్నాను. బస్సెక్కడానికి ఏమేం కట్టుకుని కూర్చోవాలో ఆవిడే చెప్పింది. డాక్టరమ్మ నన్నూ దగ్గమంది. ఈసారి ఆవిడ ముందే పక్కకి జరిగింది. నాకు ప్రస్తుతం వ్యాయామం చాలట.

మీ ఇంట్లో ఎందుకు దిగలేదని అడుగుతావు. నిన్ను చూస్తే నా నోరు ఊరుకోదు, నువ్వు నవ్వుతావు, నిన్ను చూసి నేను నవ్వుతాను, ఇద్దరి చికిత్సా నేలపాలు. నీ కండరాలు కొంచెం గట్టిపడ్డాక వద్దామనుకున్నాను. అంతవరకూ నీ పసుపు ప్యాంటుకి బదులు నల్లది ఒకటి ఇక్కడే కుడుతున్నాను.

ప్రేమతో,
అక్క

తా.క. మీ వదిన జోకులు వెయ్యదని ఎవరన్నారు? నిన్న వంటింట్లో ఆవిడ చెప్పిన కథకి నవ్వలేక ఇద్దరం నేలమీద చతికిలబడ్డాం. నీకు మాత్రం చెప్పదట, నువ్వు తట్టుకోలేవని. నన్ను ఇంకో వారం ఉండమంటోంది. ఇప్పుడు నీకెలా ఉందో వివరంగా రాయి.